జాన్ ఫోగర్టీ పాటలు రికార్డుతో కలిపి వాయిస్తే శృతి కలవదేం? క్రీడెన్స్ నుంచి సోలో దాకా సందేహాలు

తీగలమోత:

క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ గాయకుడు జాన్ ఫోగర్టీ పాటలు గిటార్ మీద పట్టేటప్పుడు తేలని ముడులు కొన్ని ఉన్నాయి. తెలిసినవాళ్లు విప్పుతారని అడుగుతున్నా.

ఒకటి. 'బ్యాడ్ మూన్ రైజింగ్'కి ఒకచోట ఇ, బి7, ఎ అని కార్డులు ఇస్తారు, ఇంకోచోట డి, ఎ, జి అని. ఇ షేపులు (ఆ కార్డులకి వేళ్లు పెట్టే తీరు) పట్టుకుంటే రికార్డులో వినిపించే మోత వస్తుంది గానీ శృతి పైకి పోతుంది. డి షేపులు పట్టుకుంటే శృతి కలుస్తుంది, ఆ బరువు మాత్రం రాదు. 'ప్రౌడ్ మేరీ', 'ఫార్చునేట్ సన్' కూడా ఇదే వరస. ఏది అసలు?

రెండు. 'బోర్న్ ఆన్ ద బయూ' మొదట్లో వచ్చే వణుకు ఎలా వస్తుంది? కోరస్ పెడల్‌తో (శబ్దాన్ని జంట వాయిద్యాల్లా వినిపించే పెట్టె) ప్రయత్నిస్తే నీళ్లలో ముంచినట్టు ఉంటోంది తప్ప ఆ పోలిక రావట్లేదు.

మూడు. క్రీడెన్స్ 1972లో విడిపోయింది. ఫోగర్టీ మళ్లీ పెద్దగా వినిపించింది 1985లో. మధ్యలో ఏమైపోయాడు? తన పాటని తనే కాపీ కొట్టాడని కేసు వేశారంటారు, అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసిందంటారు. నిజమేనా?

చివరగా, హిట్ పాటలు దాటి ఆల్బమ్‌లుగా వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?


మూడోఫ్రెట్:

మొదటిదానికి చెప్తాను. మీకు దొరికిన రెండూ కరెక్టే. పట్టుకునేది ఇ షేపు, వినిపించేది డి. 'బ్యాడ్ మూన్' లాంటి పాటలకి ఆయన వాడింది నల్ల గిబ్సన్ లెస్ పాల్ కస్టమ్ గిటార్. దాని ఆరు తీగలనీ రెండేసి ఫ్రెట్లు (మెడ మీది మెట్లు) కిందికి దించేసి ఉంచాడు. లావు తీగ నుంచి సన్న తీగకి వరసగా డి, జి, సి, ఎఫ్, ఎ, డి. ట్యూనర్‌లో హెర్ట్జ్ చూసుకునేవాళ్లకి: 73.4, 98.0, 130.8, 174.6, 220.0, 293.7.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేసేది డ్రాప్ డి దగ్గర. డ్రాప్ డి అంటే ఆరో తీగ ఒక్కటే దించడం. ఇక్కడ ఆరూ దిగాలి. తీగకీ తీగకీ మధ్య దూరం మారదు కాబట్టి మీకు తెలిసిన షేపులన్నీ యథాతథంగా పనిచేస్తాయి, మొత్తం గిటార్ ఒక స్వరం కిందికి జరుగుతుంది, అంతే.

ఈ ట్యూనింగ్‌లో పట్టుకోవాల్సిన షేపులు:

'బ్యాడ్ మూన్ రైజింగ్': చరణం ఇ, బి7, ఎ, ఇ. కోరస్ ఎ, ఇ, తర్వాత బి7, ఎ, ఇ. వినిపించేది డి మేజర్.

'ఫార్చునేట్ సన్': చరణం ఎ, జి, డి, ఎ. కోరస్ ఎ, ఇ, డి, ఎ. వినిపించేది జి మేజర్.

'ప్రౌడ్ మేరీ': మొదటి ముక్క డి-బి, డి-బి, డి-బి-ఎ-జి, అక్కడ నుంచి ఇ మీదకి దిగడం. చరణమంతా ఇ ఒక్కటే. పెద్ద చక్రం తిరిగే లైన్ దగ్గర బి, ఆ వెంటనే సి షార్ప్ మైనర్, మళ్లీ ఇ. ఆ మొదటి ముక్క బీథోవెన్ అయిదో సింఫనీ ఎత్తుగడతో ఆడుకుంటుంటే తట్టిందని ఫోగర్టీయే ఇంటర్వ్యూల్లో చెప్పాడు. తెలిశాక వింటే నిజంగానే పోలిక కనిపిస్తుంది. అందులో మెలకువంతా కార్డుల్లో కంటే వాటి మధ్య ఖాళీలో ఉంది. కార్డు మోగిన వెంటనే ఎడమచేతి వేళ్లు తీగల మీంచి ఎత్తకుండా వదులు చేసి మోత ఆపాలి. మోగుతూ వదిలేస్తే ఒక కార్డు తోక ఇంకోదాని మీద పడి బురదగా వినిపిస్తుంది.

అన్ని పాటలకీ తీగలు దించెయ్యకండి. 'గ్రీన్ రివర్' మామూలు ట్యూనింగే. ఇ7 మీద నడిచే రిఫ్, మధ్యలో సి, ఎ. 'డౌన్ ఆన్ ద కార్నర్' సి, జి, ఎఫ్‌తో మామూలు సి. 'హావ్ యు ఎవర్ సీన్ ద రెయిన్' కూడా సియే: మొదట ఎ మైనర్, ఎఫ్, సి, జి, సి. దాని కోరస్‌లో బేస్ సి నుంచి బి, ఎ, జి, ఎఫ్ అని మెట్లు దిగుతుంది. ఆ దిగడం వినిపించకపోతే పాట సగం పోయినట్టే.

ఇంకోటి, ఒక్క గిటార్‌తో రికార్డు నిండుదనం ఎలాగూ రాదు. అన్న టామ్ ఫోగర్టీ రిథమ్ ఎప్పుడూ కింద నడుస్తూనే ఉంటుంది. దాని మీదే జాన్‌కి ఖాళీలు వదిలే వీలు దొరికింది.


వణుకుడుపెట్టె:

రెండోదానికి. కోరస్ పెడల్ పక్కన పెట్టెయ్యండి. మీకు కావలసింది ట్రెమొలో. స్వరం అటూ ఇటూ ఊగితే వైబ్రాటో, మన కంపిత గమకం లాంటిది. స్వరం స్థిరంగా ఉండి శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఉంటే ట్రెమొలో. గిటార్ కంపెనీలు తొలినాళ్లలో ఈ రెండు పేర్లూ తారుమారుగా వాడేశాయి. స్వరాన్ని వంచే కడ్డీకి ట్రెమొలో ఆర్మ్ అని పేరు పెట్టిన పుణ్యం వాళ్లదే. అందుకే ఇప్పటికీ ఈ తికమక.

ఫోగర్టీ వాడింది కస్టమ్ (Kustom) అనే కంపెనీ కె200ఎ యాంప్. కాన్సాస్‌లోని చనూట్‌లో తయారైన సరుకు, కారు సీటులా మడతలు కుట్టిన రెక్సిన్ తొడుగు ఉంటుంది. ట్రెమొలో అందులోనే ఉంది. ముఖ్యమైన సంగతేమిటంటే అది ట్యూబ్ యాంప్ కాదు, ట్రాన్సిస్టర్ యాంప్. కాబట్టి ట్యూబ్ యాంప్‌ని వేడెక్కించి గీర తెస్తే ఈ శబ్దం దగ్గరికి రాదు. గిటార్ హంబకర్ (రెండు చుట్టల) పికప్ లావుదనం, యాంప్ శుభ్రత, పైన ట్రెమొలో: మూడు కలిస్తేనే ఆ చిత్తడినేల వాసన (బయూ అంటే లూయిజియానా వైపు చిత్తడి వాగు). ట్రెమొలో మోజు తనకి స్టేపుల్ సింగర్స్ బృందంలోని పాప్స్ స్టేపుల్స్ గిటార్ విని పుట్టిందని ఆయనే చెప్పాడు. స్టేపుల్ సింగర్స్ పాత గాస్పెల్ రికార్డులు ఒకసారి వినండి, చుట్టరికం వెంటనే తెలుస్తుంది.

పెడల్‌తోగానీ మోడలర్‌తోగానీ (యాంపుల్ని అనుకరించే డిజిటల్ పెట్టె) చేసేవాళ్లు ఇలా మొదలుపెట్టండి. వేవ్ గుండ్రంగా ఉండేది, అంటే సైన్, ఎంచుకోండి. స్క్వేర్ పెడితే స్విచ్ వేసి ఆర్పినట్టు ఉంటుంది. లోతు 60 నుంచి 70 శాతం. వేగం 5 నుంచి 6 హెర్ట్జ్, అక్కడి నుంచి చెవితో సర్దుకోండి. లెక్క కావాలంటే: పాట వేగాన్ని 60తో భాగించి, ఒక తాళానికి ఎన్ని వణుకులు కావాలో దానితో గుణించండి. నిమిషానికి 110 తాళాలు, తాళానికి 3 వణుకులు అంటే 5.5 హెర్ట్జ్. అయితే పాత యాంపుల్లో ట్రెమొలో తాళానికి కట్టేసి ఉండదు, దాని దారి దానిదే. కాస్త జారినా కంగారు పడొద్దు, మరీ గడియారంలా కుదిరితేనే కృతకంగా ఉంటుంది.

పెడల్స్ వరస దగ్గర తప్పు చేస్తే పని మొత్తం చెడుతుంది. ఓవర్‌డ్రైవ్ (శబ్దాన్ని గరగరలాడించే పెడల్) ముందు, ట్రెమొలో తర్వాత. తిరగేసి పెడితే ఏమవుతుందంటే, ట్రెమొలో చేసిన హెచ్చుతగ్గుల్ని ఓవర్‌డ్రైవ్ నలిపి ఒకే ఎత్తుకి తెచ్చేస్తుంది. వణుకు ఉందా లేదా అన్నట్టుంటుంది, అప్పుడు లోతు నాబ్ చివరిదాకా తిప్పినా లాభం లేదు. రివర్బ్ (మారుమోత) కూడా కొద్దిగానే పెట్టండి. ఎక్కువైతే ట్రెమొలో చేసిన గుంటల్ని దాని తోక నింపేస్తుంది.

వాయించే తీరు: ఇ7 పట్టుకుని ఆరో తీగని ఖాళీగా మోగనివ్వండి, దాని మీద సన్న తీగల్ని ఒక్కొక్కటిగా. తీగ ఎంతసేపు మోగితే వణుకు అంతసేపు వినిపిస్తుంది. గబగబా స్ట్రమ్ చేస్తే ట్రెమొలో పెట్టీ పెట్టనట్టే.


తీగలమోత:

ఇద్దరికీ ధన్యవాదాలు. తీగలు దించితే శృతి కలిసింది. కానీ ఆరో తీగ మొదటి మూడు ఫ్రెట్లలో జర్రుమంటోంది. పై ఫ్రెట్లలో కార్డు పట్టుకుంటే కాస్త షార్ప్‌గా వినిపిస్తోంది. ఉన్నవి 10-46 తీగలు (సన్నది 0.010, లావుది 0.046 అంగుళాల మందం). కదిలే బ్రిడ్జ్ ఉన్న గిటార్. చివరి తీగ శృతి చేసి వచ్చేసరికి మొదటిది మళ్లీ మారిపోతోంది.


మూడోఫ్రెట్:

మూడు జబ్బులకీ కారణం ఒకటే, బిగువు తగ్గింది. రెండు ఫ్రెట్లు దించితే తీగ బిగువు దాదాపు 20 శాతం పడిపోతుంది. వదులు తీగ ఎక్కువ వెడల్పున ఊగి ఫ్రెట్లకి తగులుతుంది. అదే మీకు వినిపించే జర్రు. వేలితో నొక్కినప్పుడు పెరిగే బిగువు, వదులు తీగకి ఉన్న బిగువుతో పోలిస్తే ఎక్కువ కాబట్టి స్వరం పైకి పోతుంది. అదే మీ షార్ప్.

బిగువు పాత స్థాయికి రావాలంటే తీగ మందం సుమారు 12 శాతం పెరగాలి. 10ని 1.12తో గుణిస్తే 11.2. 46ని గుణిస్తే 51.5. అంటే 11-52 సెట్ దాదాపు అతికినట్టు సరిపోతుంది. 11-49 వేస్తే సన్న తీగలు బాగుంటాయి గానీ ఆరోది ఇంకా కొంచెం వదులుగానే ఉంటుంది, గట్టిగా మీటే చెయ్యి అయితే వద్దు.

లావు తీగలు వేశాక మొదట నట్ (మెడ చివర తీగలు ఆనే గాడుల పట్టీ) చూడండి. గాడి ఇరుకైతే తీగ అందులో ఇరుక్కుని, ట్యూనింగ్ మర తిప్పినప్పుడు కదలక కదలక టింగుమని ఒక్కసారి దూకుతుంది. గాడిలో పెన్సిల్ ముల్లు రుద్దితే చిన్న ఇరుకు పోతుంది. పోకపోతే గాడిని తగిన ఆకురాయితో వెడల్పు చేయించాలి, లోతు మాత్రం పెరగకూడదు. తర్వాత మెడ వంపు. మొదటి ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి ఉంచే బిగింపు) పెట్టి, ఆరో తీగని చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి, ఏడో ఫ్రెట్ పైన ఖాళీ చూడండి. 0.20 నుంచి 0.25 మిల్లీమీటర్లు ఉంటే చాలు. ఖాళీ అసలు లేకపోతే ట్రస్ రాడ్ (మెడ లోపలి కడ్డీ) పావు చుట్టు వదులు చేసి, మళ్లీ శృతి చేసి, మళ్లీ కొలవండి. ఒకేసారి ఒక చుట్టు తిప్పేసే ధైర్యం చేయకండి.

ఇంటొనేషన్ (పై ఫ్రెట్లలోనూ శృతి కుదరడం) ఆఖరున. పన్నెండో ఫ్రెట్ హార్మోనిక్‌నీ, అదే ఫ్రెట్ నొక్కి మీటిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చండి. నొక్కింది షార్ప్ అయితే శాడిల్‌ని (బ్రిడ్జ్ మీద తీగ ఆనే దిమ్మని) మెడ నుంచి వెనక్కి జరపాలి, ఫ్లాట్ అయితే ముందుకి.

కదిలే బ్రిడ్జ్ సంగతి. మీరు ఒక తీగ వదులు చేయగానే వెనక స్ప్రింగులది పైచెయ్యి అయి బ్రిడ్జ్‌ని లాగేస్తాయి, దాంతో అప్పటికే శృతి చేసిన తీగలు పైకి పోతాయి. మూడు నాలుగు విడతలు తిరగాల్సిందే. మొదటి విడతలో ప్రతి తీగనీ కావలసిన స్వరం కంటే కాస్త కిందికే దించి ఉంచితే విడతలు తగ్గుతాయి. 11-52 వేస్తే బిగువు మళ్లీ పాతదే కాబట్టి స్ప్రింగుల్ని ముట్టుకోవాల్సిన అవసరం రాకపోవచ్చు.

ఒక్క గిటారే ఉంటే దాన్ని దించే ఉంచెయ్యండి. 'గ్రీన్ రివర్' వచ్చినప్పుడు రెండో ఫ్రెట్‌లో కేపో పెడితే మామూలు ట్యూనింగ్ అయిపోతుంది. కేపోతో పైకి ఎక్కగలం, కిందికి దిగలేం కదా.


పాతరికార్డు:

మూడో ప్రశ్నకి. ముందు చిన్న దిద్దుబాటు: తన పాటని తాను కాపీ కొట్టాడా లేదా అన్నది తేల్చింది సుప్రీంకోర్టు కాదు, శాన్ ఫ్రాన్సిస్కోలో జ్యూరీ. సుప్రీంకోర్టు దాకా వెళ్లింది వేరే పేచీ.

మొదటి నుంచి చెప్తేనే అర్థమవుతుంది. జాన్ పుట్టింది 1945లో, బర్క్‌లీలో. పక్కనే ఉన్న ఎల్ సెరిటోలో స్కూలు రోజుల్లోనే స్టూ కుక్, డగ్ క్లిఫర్డ్‌లతో బ్యాండ్ కట్టాడు, తర్వాత అన్న టామ్ చేరాడు. ఫాంటసీ రికార్డ్స్ అనే రికార్డు కంపెనీ వీళ్లకి తగిలించిన పేరు గోలీవాగ్స్. క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్‌గా మొదటి ఆల్బమ్ 1968లో. సాల్ జేంట్జ్ చేతికొచ్చిన ఆ కంపెనీతో కుదిరిన ఒప్పందమే తర్వాత మెడకి చుట్టుకుంది. పాటల పబ్లిషింగ్ హక్కులు కంపెనీవి. పైగా ఏటేటా ఇన్ని పాటలు ఇవ్వాలన్న లెక్క, అది బ్యాండ్ పోయాక కూడా జాన్ నెత్తిమీదే ఉండిపోయింది. 1973లో బ్లూ రిడ్జ్ రేంజర్స్ పేరుతో కంట్రీ, గాస్పెల్ పాటలు అన్ని వాయిద్యాలూ తానే వాయించి ఇచ్చాడు. 1975లో అసైలమ్ అనే ఇంకో కంపెనీలో తన పేరుతో ఒకటి వచ్చింది. 'రాకింగ్ ఆల్ ఓవర్ ద వరల్డ్' దాన్లోదే. 1976లో సిద్ధమైన 'హూడూ' విడుదలే కాలేదు. చివరికి ఫాంటసీ నుంచి బయటపడటానికి క్రీడెన్స్ పాటల మీద తనకి రావలసిన రాయల్టీ వదులుకున్నాడు. ఆ పాటలు పాడితే డబ్బు ఎటు పోతుందో తెలుసు కాబట్టి వేదిక మీద వాటిని పాడటమే మానేశాడు. 1987లో లాస్ ఏంజెలెస్‌లో ఒక క్లబ్బులో బాబ్ డిలన్ ఆయన్ని పట్టుకుని, నువ్వు పాడకపోతే 'ప్రౌడ్ మేరీ' టీనా టర్నర్ పాటే అనుకుంటారు జనం అన్నాడట. అదే ఏడాది జులై 4న వియత్నాం సైనికుల కోసం జరిగిన కచేరీలో మళ్లీ పాత పాటలు ఎత్తుకున్నాడు.

ఇక కేసు. 1985 'సెంటర్‌ఫీల్డ్' ఆల్బమ్‌లో 'ది ఓల్డ్ మ్యాన్ డౌన్ ద రోడ్' ఉంది. అది 1970 నాటి 'రన్ త్రూ ద జంగిల్' సంగీతమే, కొత్త మాటలు తొడిగారు అని ఫాంటసీ దావా వేసింది. రెండూ రాసింది ఫోగర్టీయే, కానీ మొదటి పాట హక్కు కంపెనీది. చట్టం దృష్టిలో రాసినవాడు వేరు, హక్కుదారు వేరు కాబట్టి దావా వినడానికి వింతగా ఉన్నా చెల్లుతుంది. 1988లో ఫోగర్టీ గిటార్ పట్టుకుని బోనెక్కి, శైలి అంటే ఏమిటి, పాట అంటే ఏమిటి అని వాయించి చూపించాడు. జ్యూరీ ఆయన వైపే తీర్పిచ్చింది.

తర్వాత లాయర్ ఖర్చులు అడిగాడు. అప్పట్లో ఆ ప్రాంతపు కోర్టుల్లో నియమం ఇలా ఉండేది: కాపీరైట్ కేసులో వాది గెలిస్తే ఖర్చులు మామూలుగా ఇప్పించేవారు. ప్రతివాది గెలిస్తే మాత్రం దావా పనికిమాలినదనో దురుద్దేశంతో వేశారనో నిరూపించుకోవాలి. 1994లో ఫోగర్టీ వర్సెస్ ఫాంటసీ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఈ రెండు కొలతల పద్ధతిని కొట్టేసింది. గెలిచినవాడు ఎవరైనా కొలత ఒకటే, ఇప్పించాలా వద్దా అన్నది జడ్జి విచక్షణ. ఆ తర్వాత కింది కోర్టు ఆయనకి 13 లక్షల డాలర్లకి పైగా ఇప్పించింది.

'సెంటర్‌ఫీల్డ్'లో ఇంకో మెలిక: 'జాంజ్ కాంట్ డాంజ్' అన్న పాట జేంట్జ్‌ని దెప్పుతోందని గొడవైతే, తర్వాతి ప్రెస్సింగుల్లో జాంజ్‌ని వాంజ్ చేశారు. పాత ఎల్‌పీ కొనేవాళ్లు వెనక అట్ట మీద ఆ పేరు చూసుకోండి.

ముగింపు కాస్త నయం. 2004లో కాంకర్డ్ అనే కంపెనీ ఫాంటసీని కొన్నాక వదులుకున్న రాయల్టీ తిరిగి మొదలైంది. 2023లో పబ్లిషింగ్ హక్కుల్లో పెద్ద వాటా కొనుక్కున్నాడు, పాటలు రాసి యాభై ఏళ్లు దాటాక.


అరగంటఆల్బమ్:

వినే వరస నేను చెప్తా. సంకలనంతో మొదలుపెట్టకండి, హిట్లు ఎలాగూ చెవిన పడే ఉంటాయి. 1969లో ఒక్క ఏడాదిలోనే మూడు ఆల్బమ్‌లు వచ్చాయి: జనవరిలో 'బయూ కంట్రీ', ఆగస్టులో 'గ్రీన్ రివర్', ఏడాది చివర్లో 'విల్లీ అండ్ ద పూర్ బాయ్స్'. వీటిలో 'గ్రీన్ రివర్' ముందు. అరగంట కూడా ఉండదు, వృథా నిమిషం కనపడదు. తర్వాత 1970 'కాస్మోస్ ఫ్యాక్టరీ'. కాస్మో అంటే డ్రమ్మర్ క్లిఫర్డ్ ముద్దుపేరు, ఫ్యాక్టరీ అంటే బర్క్‌లీలో వాళ్ల రిహార్సల్ షెడ్డు. రోజూ ఉద్యోగానికి వెళ్లినట్టు వెళ్లి సాధన చేసేవారు కాబట్టి ఆ పేరు. అంత సాధన ఉండబట్టే అందులో పదకొండు నిమిషాల 'గ్రేప్‌వైన్' కూడా తాళం ఒక్క చోట తూలదు.

అమెరికా బిల్‌బోర్డ్ సింగిల్స్ (విడి పాటల) చార్టులో వీళ్లకి ఒక్క నంబర్ 1 కూడా లేదు. రెండో స్థానం మాత్రం అయిదుసార్లు: 'ప్రౌడ్ మేరీ', 'బ్యాడ్ మూన్ రైజింగ్', 'గ్రీన్ రివర్', 'ట్రావెలింగ్ బ్యాండ్', 'లుకింగ్ అవుట్ మై బ్యాక్ డోర్'. బ్రిటన్‌లో 'బ్యాడ్ మూన్' మొదటి స్థానం కొట్టింది.

'బయూ కంట్రీ' విన్నప్పుడు ఒకటి గుర్తుంచుకోండి, అది రాసేనాటికి ఆయన లూయిజియానా మొహం చూడలేదు. 'లోడై'లో ఊరూ అంతే, పేరు నచ్చి పెట్టుకున్నాడు. కాబట్టి ఈ చిత్తడినేల రికార్డుల్లో విని కట్టుకున్నది. కొందరికి ఇది అభ్యంతరం. నాకైతే కాదు, ఆ పాటల్లో ఊరి వివరం తక్కువ, శబ్దమే ఊరు.

1972 'మార్డీ గ్రా' వదిలెయ్యొచ్చు.


పాతరికార్డు:

అంత తేలిగ్గా వదిలెయ్యొద్దండీ. టామ్ 1971లో వెళ్లిపోయాక మిగిలిన ముగ్గురూ పాటల్ని పంచుకుని చేసిన ఆల్బమ్ అది. కుక్, క్లిఫర్డ్ పాటలు తేలిపోయిన మాట నిజమే. అది వాళ్ల పట్టుదల వల్ల జరిగిందా, జాన్ మొండితనం వల్లనా అని ఇప్పటికీ రెండు కథలు నడుస్తున్నాయి. కానీ 'సమ్‌డే నెవర్ కమ్స్' దాన్లోదే, ఆ ఒక్కదానికైనా వినాలి.


అరగంటఆల్బమ్:

ఆ ఒక్కటీ ఒప్పుకుంటా. సోలోలో 'సెంటర్‌ఫీల్డ్' తర్వాత నేరుగా 1997 'బ్లూ మూన్ స్వాంప్'కి వెళ్లండి. ఉత్తమ రాక్ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది, దానికి తగినదే. అందులో డోబ్రో (లోహపు పళ్లెం బిగించిన గిటార్) మీద స్లైడ్ వినండి. 1986 'ఐ ఆఫ్ ద జాంబీ'లో డ్రమ్స్ శబ్దం ఆ దశకం దాటి బతకలేదు.


మూడోఫ్రెట్:

తీగలమోత గారికి ఒక హెచ్చరిక. 2025లో ఫోగర్టీ క్రీడెన్స్ పాటల్ని కొడుకులతో కలిసి మళ్లీ రికార్డు చేశాడు. యాప్‌లో వెతికితే బ్యాండ్ పేరుతో ఉన్నవి, ఆయన పేరుతో ఉన్నవి పక్కపక్కనే వస్తాయి. సాధనకి ఏది పెట్టుకుంటున్నారో కళాకారుడి పేరు చూసుకోండి. డ్రమ్ దెబ్బ బరువు రెండిటిలో ఒకటి కాదు, గొంతు కూడా ఎనభై ఏళ్లది. ట్రెమొలో వేగం, మోత ఆపే చోట్లు పట్టుకోవడానికి బ్యాండ్ పేరుతో ఉన్న పాత రికార్డింగే పెట్టుకోండి.


తీగలమోత:

11-52 వేశాను, జర్రు పోయింది. ఆరో తీగ గాడి కాస్త ఇరుకుగానే ఉంది, పెన్సిల్‌తో సర్దుకుంది. ట్రెమొలోని ఓవర్‌డ్రైవ్ వెనక్కి మార్చగానే వణుకు తెలిసింది. 'లోడై' మాత్రం ఇంకా కుదరలేదు, బి ఫ్లాట్‌లో వినిపిస్తోంది.


మూడోఫ్రెట్:

దించిన గిటార్ మీద సి షేపులు పట్టుకోండి, బి ఫ్లాట్ అదే వస్తుంది. ఆఖరి చరణంలో పాట ఒక స్వరం పైకి ఎక్కుతుంది, అక్కడ డి షేపులకి మారాలి. మార్పు చరణం మధ్యలో కాదు, మొదలయ్యేచోటే.